తీపి సెంటు, అది పూసుకునే మనిషి

వెనిలా, మాడిన చక్కెర, చాక్లెట్, కాఫీ, బాదం, తేనె, కొబ్బరి వంటి నోరూరించే వాసనల చుట్టూ అల్లిన సెంట్లకు పరిశ్రమలో గోర్మాండ్ వర్గమని పేరు. గులాబీ, మల్లె, నిమ్మ, చందనం సెంట్లకు శతాబ్దాల చరిత్ర ఉంది. ఈ వర్గం విడిగా గుర్తింపు పొంది మాత్రం నలభై ఏళ్లయినా కాలేదు. 1992లో ఫ్యాషన్ డిజైనర్ థియరీ మ్యూగ్లర్ పేరు మీద విడుదలైన ‘ఏంజెల్’తో ఇది మొదలైందని సెంట్ల చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన మ్యూగ్లర్, చిన్నప్పుడు తిరిగిన జాతర్లలోని మిఠాయి వాసన సీసాలోకి రావాలని కోరాడు. ఆ పనిని చేసిపెట్టినవాడు ఒలివియే క్రెస్ప్. ఆయన చేతిలోని అసలు సరుకు ఈథైల్ మాల్టాల్ అనే తెల్లని పొడి. పీచుమిఠాయి బండి పక్కన నిలబడితే ముక్కుకు తగిలే వాసన దాదాపు అదే.

అంతకుముందు ఈథైల్ మాల్టాల్‌ను ఎక్కువగా బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకుల తయారీలో వాడేవారు. సెంట్లలో పడినా అది చిటికెడే. ఏంజెల్‌లో దాన్ని ధారాళంగా వాడారు. అది ఒక్కటే ఉంటే సీసా మూత తీయగానే మిఠాయి కొట్టు తలుపు తీసినట్టే ఉండేది. దానికి అడ్డుకట్టగా పచౌలి నూనెను కూడా అంతే ధైర్యంగా కలిపారు. తులసి కుటుంబానికి చెందిన పచౌలి మొక్క ఇండోనేషియాలో బాగా పండుతుంది. ఆకుల నుంచి తీసిన ఈ నూనెకు తడిమట్టి, పాత చెక్కబీరువా, కాస్త కర్పూరం కలిసినట్టుండే ముదురు వాసన ఉంటుంది. ఆ మట్టి వాసనకూ పాకం తీపికీ మధ్య సాగే పెనుగులాటే ఏంజెల్ ప్రత్యేకత. నచ్చినవాళ్లకు విపరీతంగా నచ్చింది, నచ్చనివాళ్లకు లిఫ్టులో తగిలినా తలనొప్పి తెచ్చింది. దాని దారిలో 1997లో లోలితా లెంపికా, 1998లో హిప్నోటిక్ పాయిజన్, 2011లో ప్రాడా క్యాండీ, 2012లో లా వీ ఎ బెల్, 2014లో కాఫీ వాసనతో బ్లాక్ ఓపియం వచ్చాయి. ఇంకా వచ్చినవి లెక్కలేనన్ని. చవక అనుకరణలు చాలావరకు తీపిని ఉంచుకుని ముదురు వాసనను వదిలేశాయి. అవి తొందరగా మొహం మొత్తడానికి కారణం ఇదే.

సెంట్లలో తీపి మాత్రం 1992లో కొత్తగా పుట్టింది కాదు. దాని మూలం మెక్సికో అడవుల్లోని వెనిలా అనే ఆర్కిడ్ తీగ. దీన్ని ఇతర దేశాలకు తీసుకెళ్లి నాటితే తీగ పెరిగేది, పువ్వు పూసేది, కాయ మాత్రం కాసేది కాదు. సొంత గడ్డ మీద పరాగాన్ని చేరవేసే కీటకాలు పరాయి నేల మీద లేకపోవడమే ఇందుకు కారణం. ఈ చిక్కును 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు విప్పాడు. సన్నని పుల్లతో పువ్వులోని పల్చటి పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దడమే ఆ కిటుకు. మడగాస్కర్ తోటల్లోనూ, కేరళ, కర్ణాటక తోటల్లోనూ ఈనాటికీ పువ్వు పువ్వుకూ అదే పని చేతితో చేస్తున్నారు. కోసిన పచ్చికాయకు వెనిలా వాసన ఉండదు. వాసననిచ్చే వెనిలిన్ అణువు చక్కెర అణువుతో ముడిపడి ఉంటుంది. కాయలను వేడినీటిలో ముంచి, నెలల తరబడి ఎండలో ఆరబెట్టి, కంబళ్లలో చుట్టి మగ్గబెడితే ఎంజైములు ఆ ముడిని తెంపుతాయి. అప్పుడే నల్లబడ్డ కాయ నుంచి పరిమళం బయటికొస్తుంది.

అంత చాకిరీతో వచ్చే సరుకు ఖరీదు కాకుండా ఎలా ఉంటుంది? 1858లో నికొలా గోబ్లే వెనిలా సారం నుంచి వెనిలిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేశాడు. 1874లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఫెర్డినాండ్ టీమన్, విల్‌హెల్మ్ హార్మన్ దాన్ని పైన్ జాతి చెట్ల నుంచి వచ్చే కోనిఫెరిన్‌తో తయారుచేసి చూపించారు. జర్మనీలోని హోల్జ్‌మిండెన్ పట్టణంలో ఫ్యాక్టరీ వెలిసింది. అంతకు ఆరేళ్ల ముందే, 1868లో, విలియం పెర్కిన్ టోంకా గింజల్లో ఉండే కౌమరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. ఎండుగడ్డి, బాదం కలిసినట్టుండే వాసన దానిది. ఈ రెండూ చేతికందాక సెంట్ల తయారీ స్వరూపమే మారింది. 1889లో గెర్లాన్ సంస్థ ‘జికీ’లో వెనిలిన్, కౌమరిన్ రెండూ వాడింది. 1925లో అదే సంస్థ తెచ్చిన ‘షాలిమార్’లో వెనిలిన్‌కు సుమారు మూడు రెట్లు ఘాటైన ఈథైల్ వెనిలిన్ ఉంది. మొగలుల తోట పేరు పెట్టుకున్న ఈ సెంటు దాదాపు వందేళ్లుగా అమ్ముడవుతూనే ఉంది. అయితే వాటిలో తీపి వెనకాల ఉండి పూలకూ నిమ్మకూ బలం ఇచ్చేది. ఏంజెల్ ఆ తీపిని వెనక వరస నుంచి తెచ్చి వేదిక మధ్యలో నిలబెట్టింది. ఈ రోజు ప్రపంచం వాడే వెనిలిన్‌లో కాయ నుంచి నేరుగా వచ్చేది ఒక శాతం దాకా ఉంటే గొప్ప. మిగతాదంతా ఫ్యాక్టరీల సరుకే.

తెలుగు ఇళ్లకు వెనిలిన్ ఐస్‌క్రీంతో మొదటిసారి రాలేదు. సాంబ్రాణిలో అది ఉంది. స్టైరాక్స్ జాతి చెట్ల బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే బంకే సాంబ్రాణి. సుమత్రా, లావోస్ ప్రాంతాల నుంచి వచ్చే ఈ బంకలో బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాలతో పాటు కొద్దిగా వెనిలిన్ కూడా ఉంటుంది. లావోస్ రకంలో ఆ తీపి మరింత తెలుస్తుంది. పురిటి బిడ్డకు తలంటి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ పట్టే ఇళ్లలో ఆ వాసన బిడ్డకు పుట్టిన కొద్ది రోజులకే పరిచయమవుతుంది. ప్రాడా క్యాండీ అనే సెంటులో పాకం వాసనకు వెన్నుదన్నుగా నిలిచింది ఈ సాంబ్రాణే.

తీపి సెంట్లలో వాడే అణువులు వంటింట్లో పుట్టేవే. చక్కెర సుమారు 160 డిగ్రీలు దాటి కాగితే విడిపోయి మాల్టాల్, ఫ్యూరనోన్లు వంటివి పుడతాయి. చక్కెరలూ ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలూ కలిసి వేడికి మారడాన్ని 1912లో లూయీ కమీల్ మయార్ వివరించాడు. వేగిన కాఫీ గింజ, కాలిన రొట్టె అంచు, వేయించిన వేరుశనగ వాసనలకు ఆ చర్యే మూలం. అనకాపల్లి చుట్టుపక్కల పెద్ద పెనాల్లో చెరుకు రసం బెల్లమయ్యేటప్పుడు గాల్లో నిండే వాసనలోనూ ఈ రెండు చర్యలూ కలిసి ఉన్నాయి. మాల్టాల్‌ను మొదట లార్చ్ చెట్టు బెరడులో గుర్తించారు. దానికో చిన్న మార్పు చేస్తే వచ్చే ఈథైల్ మాల్టాల్ నాలుగైదు రెట్లు ఘాటు. కొబ్బరి వాసనకు గామా నోనాలాక్టోన్, పీచ్ పండు వాసనకు గామా అన్‌డెకాలాక్టోన్ వాడతారు. కాచిన నెయ్యి కమ్మదనంలోనూ ఇదే లాక్టోన్ల కుటుంబపు అణువులు ఉంటాయి.

వీటన్నిటిలో విచిత్రమైనది సోటోలోన్. పలచగా ఉంటే మేపుల్ చెట్టు పాకంలా, చిక్కబడితే మెంతుల్లా వాసన వేస్తుంది. 2005 నుంచి న్యూయార్క్ నగరంలో అప్పుడప్పుడూ ఉన్నట్టుండి మేపుల్ పాకం వాసన కమ్ముకునేది. జనం కంగారుపడి అధికారులకు ఫోన్లు చేసేవారు. రసాయన దాడి అన్న అనుమానం కూడా వచ్చింది. గాలి దిశలు, ఫిర్యాదులు వచ్చిన చోట్లు, వేళలు కలిపి చూశాక 2009లో మేయర్ బ్లూమ్‌బెర్గ్ అసలు సంగతి ప్రకటించాడు. నది అవతల న్యూజెర్సీలో వాసన ద్రవ్యాల కోసం మెంతులను శుద్ధి చేసే ఒక ఫ్యాక్టరీ నుంచి ఆ గాలి వస్తోంది. అదే గాలి గుంటూరు మీదుగా వీచి ఉంటే జనం పోలీసులకు ఫోన్ చేసి ఉండేవారు కారు. పక్కింట్లో ఊరగాయకు మెంతులు వేయిస్తున్నారనుకుని ఊరుకునేవారు. అణువు ఒకటే అయినా ఒక ఊరికి అది పలహారం, మరో ఊరికి పోపు.

ఇక్కడే ముక్కు చేసే పెద్ద మాయ బయటపడుతుంది. చక్కెరకు వాసన లేదు. తీపి, ఉప్పు, పులుపు, చేదు నాలుక పసిగట్టే రుచులు. ముక్కులో వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉన్నాయి. వాటి జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టి 2004లో నోబెల్ అందుకున్నారు. ఆ 400లో తీపికంటూ గ్రాహకం ఏదీ లేదు. అయినా వెనిలాను ఎవరికి చూపించినా తియ్యటి వాసన అంటారు. వెనిలిన్ పొడిని నాలుక మీద వేసుకుంటే తెలిసేది చేదే.

వాసనకు ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో ఆస్ట్రేలియా పరిశోధకుడు రిచర్డ్ స్టీవెన్సన్ బృందం 1995లో తేల్చింది. అక్కడివాళ్లకు అంతగా అలవాటు లేని లిచ్చీ, వాటర్ చెస్ట్‌నట్ వాసనల్లో ఒకదాన్ని చక్కెర నీళ్లలో, మరోదాన్ని పుల్లటి సిట్రిక్ ఆమ్లంలో కలిపి తాగించారు. కొన్నిసార్లు అలా తాగాక ఉత్త వాసనను చూపిస్తే, చక్కెరతో కలిసి వచ్చిన వాసన మునుపటికన్నా తియ్యగా ఉందన్నారు. ఆమ్లంతో కలిసి వచ్చింది పుల్లగా తోచింది. నమిలేటప్పుడు నోటి నుంచి గొంతు వెనకగా ముక్కులోకి ఎక్కే వాసననూ నాలుక మీది రుచినీ మెదడు ఒకే అనుభవంగా ముడివేస్తుంది. ఆ ముడి పడ్డాక వాసన ఒక్కటే వచ్చినా రుచి వెంట వస్తుంది. చూపు, వినికిడి సంకేతాలు థలామస్ అనే కూడలి మీదుగా పైమెదడుకు చేరితే, వాసన సంకేతాలు ఆ కూడలిని తాకకుండానే భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన అమిగ్డలా ప్రాంతానికి చేరగలవు. వాసనకు పేరు తట్టేలోపే మనసు స్పందించడం ఇందువల్లే.

ఆ ముడులు ఎంత తొందరగా పడతాయో జర్మనీలో జరిగిన ఒక చిలిపి ప్రయోగం చూపింది. అక్కడ ఒకప్పుడు పసిపిల్లల సీసాపాల పొడిలో వెనిలా కలిపేవారు. 1999లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లకు రెండు రకాల టమాటా కెచప్ రుచి చూపించారు. ఒకటి మామూలుది, రెండోదాంట్లో కొద్దిగా వెనిలిన్. చంటితనంలో సీసాపాలు తాగినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది వెనిలిన్ ఉన్నదాన్నే మెచ్చుకున్నారు. తల్లిపాలు తాగినవాళ్లలో ఎక్కువమంది మామూలు కెచప్ వైపే ఉన్నారు. ఎందుకు నచ్చిందో వాళ్లలో ఎవరూ చెప్పగలిగి ఉండరు.

వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ సాలిసిలేట్ కథ దీనికి మరో కొస. 1960ల్లో బ్రిటన్‌లో జరిగిన సర్వేలో జనం దాన్ని అసహ్యమైన వాసనల్లో చేర్చారు. 1970ల్లో అమెరికాలో అదే వాసన బాగా నచ్చిన వాటిలో నిలిచింది. బ్రిటన్‌లో అది నొప్పులకు రాసే మందు వాసన, అమెరికాలో చూయింగ్ గమ్, పిప్పరమెంట్ల వాసన. తెలుగువాళ్లు ఈ విషయంలో బ్రిటన్ పక్షమే. ఆ వాసన వస్తే ఎవరికో నడుం పట్టేసిందని అర్థం.

యాలకుల సంగతి ఇంకా ఆసక్తికరం. యాలకుల గింజల నూనెలో ముఖ్యమైన అణువుల్లో ఒకటి సినియోల్. నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండేదీ అదే. ఫ్రెంచ్ సెంట్ల తయారీదారుల లెక్కలో యాలకులు చల్లటి, తాజా మసాలా వాసన. మగవాళ్ల సెంట్లలో మొదటి క్షణాల చురుకుదనం కోసం వాడతారు. 1998లో కార్టియే సంస్థకు జాన్-క్లోద్ ఎలెనా చేసిన ‘డెక్లరేషన్’లో అది ప్రస్ఫుటంగా తెలుస్తుంది. తెలుగు ముక్కుకు మాత్రం యాలకులంటే పరమాన్నం, బొబ్బట్లలోని పూర్ణం, లడ్డూ. పచ్చకర్పూరం కూడా అంతే. ప్రపంచానికి అది మందుల పెట్టె, ఇక్కడ ప్రసాదం. యూరప్ జ్ఞాపకాలతో కట్టిన గోర్మాండ్ సెంటు వెనిలా, వెన్న, మాడిన చక్కెర చుట్టూ తిరుగుతుంది. తెలుగు జ్ఞాపకాలతో కడితే నెయ్యి, బెల్లం, యాలకులు, పచ్చకర్పూరం మధ్యలో ఉండాలి. అలాంటి సెంటు ఎవరైనా సరిగ్గా చేస్తే పండగ రోజుల్లో బాగానే అమ్ముడుపోతుంది.

అయితే అంతా అలవాటేనా అంటే, కాదు. 2022లో ఆర్టిన్ అర్షామియన్, అసిఫా మజీద్ బృందం వేటాడి బతికే సముదాయాల నుంచి నగరవాసుల దాకా 9 పాశ్చాత్యేతర సంస్కృతులకు చెందిన 225 మందికి కొన్ని వాసనలు చూపించి, నచ్చిన వరసలో పేర్చమంది. దాదాపు అన్నిచోట్లా వెనిలిన్‌కే పై వరస దక్కింది. చెమటపట్టిన పాదాలను తలపించే ఐసోవాలెరిక్ ఆమ్లం అట్టడుగున నిలిచింది. జవాబుల్లోని తేడాలను విడదీస్తే అణువు స్వభావం వాటా 41 శాతం, వ్యక్తిగత ఇష్టం వాటా 54 శాతం, సంస్కృతి వాటా 6 శాతమే. వెనిలా బాగుండటం కొంతవరకు అణువులోనే ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ బాగుండటానికి ఐస్‌క్రీం అనో సాంబ్రాణి అనో పేరు పెట్టేది మాత్రం పెరిగిన ఇల్లు.

ఈ సెంట్లకు తగిలించే మరో విశేషణం వెచ్చదనం. పిప్పరమెంట్ చల్లగా ఉందనడం అక్షరాలా నిజం. చలిని పసిగట్టే నాడుల్లోని టిఆర్‌పిఎం8 అనే గ్రాహకాన్ని మెంథాల్ నేరుగా తడుతుంది. మిరపకాయ వేడి కూడా అలాంటిదే, దాని గ్రాహకం వేరు. ఈ తరహా పరిశోధనకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వెనిలా వాసన వెచ్చదనం అలా గ్రాహకాన్ని తట్టడం వల్ల వచ్చేది కాదనుకోవాలి. అది పొయ్యి మీద నుంచి దించిన తినుబండారాల పరిచయంతో వచ్చింది. అలాగని ప్రభావం తక్కువేం కాదు. దుకాణంలో దాల్చినచెక్క, వెనిలా వంటి వెచ్చని వాసన చల్లితే, అదే గది జనాలకు ఎక్కువ కిక్కిరిసినట్టు తోచిందని 2015లో అమెరికా మార్కెటింగ్ పరిశోధకులు చూపారు. 1997లో రాబర్ట్ బారన్ ఒక షాపింగ్ మాల్‌లో చేసిన పరిశీలనలో, బిస్కెట్లు కాల్చే చోట, కాఫీ గింజలు వేయించే చోట నిలబడ్డవాళ్లు అపరిచితుడికి చిల్లర ఇవ్వడం, పడిపోయిన పెన్ను తీసివ్వడం ఎక్కువగా చేశారు.

ఇక మనిషి స్వభావం మాట. తీపి సెంటు పూసుకునేవాళ్లు ఆప్యాయులనీ, కలలు కనేవాళ్లనీ, లోపల చిన్నపిల్లలనీ ప్రకటనలు చెబుతాయి. దీని వెనక కొంత పరిశోధన లేకపోలేదు. 1988లో యోహిం మెన్సింగ్, క్రిస్టా బెక్ అనే జర్మన్ పరిశోధకులు, నలుగురిలో కలిసిపోయేవాళ్లు తాజా నిమ్మజాతి వాసనల వైపు, తమలో తాము ఉండేవాళ్లు వెనిలా, రెసిన్ల వెచ్చని వాసనల వైపు, మనోభావాలు తరచూ మారేవాళ్లు పౌడర్ లాంటి పూల వాసనల వైపు మొగ్గుతారని రాశారు. సెంట్ల దుకాణాల్లో కనిపించే ‘మీ స్వభావానికి తగ్గ సెంటు’ ప్రశ్నపత్రాల వెనక ఉన్నది ఇలాంటి ఆలోచనే. తీపి తినడానికి ఇష్టపడేవాళ్లు కాస్త ఎక్కువ స్నేహశీలురని 2012లో బ్రయన్ మయర్ బృందం ప్రచురించింది. అది నాలుక మీది తీపి గురించి, అదీ ఎక్కువగా అమెరికా విద్యార్థుల మీద చేసిన పని. దాన్ని తెచ్చి మెడ దగ్గర చల్లుకునే సెంటుకు అంటించడం అతికినట్టుండదు.

ఈ లెక్కల్లో పెద్ద లోపం ఒకటుంది. సెంటు ఎంపికలో స్వభావం ఒక్కటే పని చేయదు. ధర ఉంది. ఎవరో ఇచ్చిన బహుమతి ఉంది. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన బావ సంచిలో ఏది తెస్తే ఇంటిల్లిపాదీ ఏడాదంతా అదే వాడటమూ ఉంది. చార్మినార్ పక్క సందుల్లో అత్తరు కొట్టువాడు మణికట్టు మీద రాసి చూపించిన నాలుగింటిలో ఒకటి కొనుక్కోవడం ఉంది. ఇన్ని వడపోతలు దాటి ఒంటి మీదకు వచ్చిన సెంటును చూసి మనిషి లోపలి తీరు చెప్పబోవడం శాస్త్రం కాదు, జోస్యం.

జోస్యం నిజమనిపించడానికీ శాస్త్రంలో వివరణ ఉంది. 1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రం ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఎవరికి వారికి స్వభావ వర్ణన రాసిచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. అందులోని వాక్యాలను ఎక్కువగా అంగట్లో దొరికే జాతకాల పుస్తకం నుంచి ఎత్తాడు. పైకి ధైర్యంగా ఉన్నా లోపల సున్నితం, ఆప్యాయత కోరుకునేవారు, ఒంటరితనమూ ఇష్టమే వంటి మాటలు ఎవరికి తగలవు? ఆదివారం సంచికలో రాశిఫలాలు చదివే పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. గోర్మాండ్ సెంటు డబ్బా మీద రాసేవి కూడా ఈ బాపతు వాక్యాలే.

ఒంటి వాసనకూ స్వభావానికీ మధ్య మాత్రం ఏదో సన్నని బంధం ఉన్నట్టుంది. పోలండ్‌కు చెందిన అగ్నియెష్కా సొరొకోవ్‌స్కా బృందం 2012లో కొందరిని మూడు రాత్రులు ఒకే టీషర్టు వేసుకుని పడుకోమంది. సెంటు, సబ్బు పరిమళం, సిగరెట్ ఏవీ తగలకూడదని షరతు. ఆ చొక్కాలను వాసన చూసినవాళ్లు తొడుక్కున్నవాళ్లలోని కలుపుగోలుతనం, ఆందోళన, ఆధిపత్య ధోరణి గురించి గుడ్డిగా చెప్పేదానికన్నా కొంచెం మెరుగ్గా చెప్పగలిగారు. ఆ కొంచెం నిజంగా కొంచెమే. సెంటు ఎంపిక కూడా ఈ ఒంటి వాసనను ఆనుకునే సాగుతుందని ప్రాగ్‌లో పవ్లీనా లెనొహొవా బృందం 2012లోనే చూపింది. ఎవరికి వాళ్లు ఎంచుకున్న సెంటు వాళ్ల ఒంటి వాసనతో కలిసినప్పుడు, పరిశోధకులు అంటగట్టిన సెంటు కలిసినదానికన్నా బాగుందని వాసన చూసినవాళ్లు చెప్పారు. సీసాలో చూస్తే మాత్రం రెండు సెంట్లూ సమానమే. 2001లో మాన్‌ఫ్రెడ్ మిలిన్‌స్కీ, క్లౌస్ వెడెకిండ్ మరో అడుగు ముందుకేసి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన కొన్ని జన్యువులకూ మనిషి తన ఒంటికి కోరుకునే వాసనలకూ సంబంధం కనిపిస్తోందన్నారు. ఒకే సెంటు అక్కకు అతికి చెల్లెలికి అతకకపోవడానికి మూలం స్వభావం కంటే చర్మంలోనే ఎక్కువ ఉండవచ్చు.

సెంటు మనిషిని బయటపెట్టడం కన్నా మార్చడమే ఎక్కువ చేస్తుంది. 2009లో బ్రిటన్‌కు చెందిన క్రెయిగ్ రాబర్ట్స్ బృందం కొందరు యువకులకు సువాసన స్ప్రే, మరికొందరికి వాసన లేని స్ప్రే ఇచ్చింది. సువాసన స్ప్రే వాడినవాళ్లు తమ మీద తమకు నమ్మకం పెరిగిందన్నారు. తర్వాత శబ్దం లేని వీడియోల్లో వాళ్లను చూసిన ఆడపిల్లలు, ముక్కుకు ఏ వాసనా తగలకపోయినా, సువాసన వాడినవాళ్లే ఆకర్షణీయంగా ఉన్నారన్నారు. కదలని ఫోటోల్లో ఆ తేడా కనిపించలేదు. మారింది ముఖం కాదు, కూర్చునే తీరు, కదలిక. తీపి సెంటు పూసుకున్న మనిషి ఆప్యాయంగా కనిపిస్తే, ఆ సెంటు తన చిన్ననాటి ఇంటిని గుర్తుచేసి మనసును తేలిక చేసిందేమో అనుకోవడం ఎక్కువ సబబు.

ఇక వాడకం సంగతి. గోర్మాండ్ సెంట్లు ఒంటి మీద ఎక్కువసేపు నిలుస్తాయి. నిమ్మనూనెలోని లిమోనీన్ సుమారు 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, వెనిలిన్‌కు 285 డిగ్రీలు కావాలి. అందుకే నిమ్మ వాసన పావుగంట, ఇరవై నిమిషాల్లో ఎగిరిపోతే, వెనిలా మర్నాడు కూడా చున్నీ అంచున మిగిలి ఉంటుంది. వెనిలిన్ వెలుతురుకు, గాలికి, కొన్ని ఇతర ముడిసరుకులకు తగిలి గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్ల చొక్కా కాలరు మీద పసుపుపచ్చని మరక పడితే దోషి చాలాసార్లు అదే. సీసాను కిటికీ పక్కన ఉంచకూడదనడం కూడా ఇందుకే. ఏప్రిల్, మే ఎండల్లో చర్మం వేడికి అణువులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. పారిస్ చలికి సరిపడేలా కొలిచిన తీపి విజయవాడ వడగాల్పులో ఊపిరాడనివ్వదు. డిసెంబరు సాయంత్రాలు వీటికి అనువైన కాలం.

పూసుకున్న కాసేపటికే సొంత ముక్కు ఆ వాసనకు అలవాటుపడి మొద్దుబారుతుంది. పోయిందనుకుని మళ్లీ చల్లుకుంటారు, పక్కసీటువాళ్లకు మాత్రం రెండింతలు తగులుతుంది. అందుకే కొనేటప్పుడు కాగితపు ముక్క మీద చూసి తేల్చుకోకుండా మణికట్టు మీద రాసుకుని నాలుగైదు గంటలు ఆగి చూడాలి. గోర్మాండ్ సెంటు అసలు రూపం అప్పటికి గానీ తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి చూసేటప్పుడు ముక్కు తేరుకోవడానికి దుకాణాల్లో కాఫీ గింజల గిన్నె అందిస్తారు. 2011లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఆ గింజలు మామూలు గాలి కన్నా ఎక్కువ మేలు చేసిన దాఖలా కనిపించలేదు. పైగా చూస్తున్న సెంటులోనే కాఫీ వాసన ఉంటే ఆ గిన్నె సాయానికి బదులు గందరగోళమే తెస్తుంది. దుకాణం బయటికి వచ్చి రెండు నిమిషాలు నిలబడితే చాలు.